నీహారికకు లోతు ఎక్కడి నుంచి తేవాలి? త్రీడీ ఖగోళ చిత్రాలకు ఏ పద్ధతి, చూడడానికి ఏ సాధనం

టెలిస్కోపుకు కెమెరా తగిలించి ఒకటి రెండు చలికాలాలు గడిపినవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ కోరిక పుడుతుంది. అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘమైన ఓరియన్ నీహారికను బల్లపరుపు బొమ్మగా కాకుండా లోతుతో చూడాలనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఎరుపు, నీలి అద్దాలతో చూసే బొమ్మలు, పక్కపక్కన పెట్టిన జంట చిత్రాలు, అటూ ఇటూ ఊగే యానిమేషన్లు, వీఆర్ హెడ్‌సెట్ల కోసం చేసిన వీడియోలు అన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. వాటితోపాటు దొరికే సలహాల్లో చాలావరకు "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది" అన్న దగ్గరే మొదలవుతాయి. నన్నడిగితే ఆ ప్రశ్న మూడోది. చిత్రంలో లోతు దేని ఆధారంగా వస్తోందన్నది మొదట తేల్చుకోవాలి. చూసేవాళ్లు దాన్ని దేనితో చూస్తారన్నది ఆ తరువాత. ఈ రెండూ తేలితే సాఫ్ట్‌వేర్ సంగతి దానంతట అదే తేలుతుంది.

రెండు ఫోటోలు తీస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో ఒక్కసారి లెక్క వేసుకుంటే తరువాతి నిర్ణయాలన్నీ సులువవుతాయి.

మన రెండు కళ్ల మధ్య ఎడం సుమారు 6.3 సెంటీమీటర్లు. ఆ కాస్త ఎడం వల్లే ఎడమ కన్ను చూసే దృశ్యానికీ కుడి కన్ను చూసే దృశ్యానికీ చిన్న తేడా వస్తుంది, మెదడు ఆ తేడాను లోతుగా చదువుకుంటుంది. స్టీరియో ఫోటోలు తీసేవాళ్లు పాటించే పాత సూత్రం ఒకటుంది. దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉంటే అందులో ముప్పయ్యో వంతు ఎడంగా రెండు కెమెరాలు పెడితే లోతు హాయిగా కనిపిస్తుంది. ఓరియన్ నీహారిక మనకు సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ముప్పయ్యో వంతు అంటే దాదాపు 45 కాంతి సంవత్సరాలు. భూమి మీద ఉంటూ మనం సంపాదించగల అతి పెద్ద ఎడం భూకక్ష్య వ్యాసం, అంటే 30 కోట్ల కిలోమీటర్లు. ఆరు నెలల తేడాతో రెండు ఫోటోలు తీసినా ఓరియన్ నీహారిక జరిగినట్టు కనిపించేది ఒక ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3,600వ వంతును ఆర్క్ సెకను అంటారు) రెండు వందలవ వంతు మాత్రమే. మన అభిరుచి పరికరాల్లో ఒక్కో పిక్సెల్ ఒకటి రెండు ఆర్క్ సెకన్ల ఆకాశాన్ని పట్టుకుంటుంది. ఆ జరుగుడు పిక్సెల్‌లో ఎక్కడో ఇంకిపోతుంది.

నక్షత్రాల విషయంలో నిజమైన స్టీరియో ఒకసారి సాధ్యమైంది. 2020 ఏప్రిల్‌లో, భూమికి దాదాపు 700 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న న్యూ హొరైజన్స్ వ్యోమనౌక ప్రాక్సిమా సెంటారీ, వుల్ఫ్ 359 నక్షత్రాలను ఫోటో తీసింది. అదే సమయంలో భూమి మీది టెలిస్కోపులు తీసిన ఫోటోలతో జత చేస్తే ఆ రెండు నక్షత్రాలూ వెనక ఉన్న చుక్కల నుంచి విడివడి ముందుకు తేలాయి. ఆ స్టీరియో జంటల తయారీలో క్వీన్ సంగీత బృందం గిటారిస్టు, ఖగోళ భౌతిక శాస్త్రంలో డాక్టరేటు అందుకున్న బ్రయాన్ మే పాలుపంచుకున్నాడు. కానీ అవి మనకు 4.2, 7.9 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న పొరుగు నక్షత్రాలు. నీహారికల దాకా ఈ దారి పోదు.

కాబట్టి మీరు చూసే ప్రతి త్రీడీ నీహారికా ఎవరో కట్టిన నమూనాయే. కొన్ని నమూనాల వెనక కొలతలున్నాయి, కొన్నింటి వెనక ఆలోచన ఉంది, కొన్నింటి వెనక ఏదీ లేదు. ఎంపిక ఇక్కడే మొదలవుతుంది.

కొలిచిన లోతు

అన్నిటికంటే గట్టి ఆధారం వేగం. పేలిపోయిన నక్షత్రం శకలాలు ఒకే చోటు నుంచి ఒకేసారి బయలుదేరాయి కనుక ఎంత వేగంగా పోతున్న ముక్క అంత దూరం వెళ్లి ఉంటుంది. మనవైపు వస్తున్న వాయువు వర్ణపట రేఖలు నీలం వైపు, అవతలికి పోతున్న వాయువు రేఖలు ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుడును ప్రతి బిందువు దగ్గరా కొలిస్తే అక్కడి లోతు తెలిసిపోతుంది. 1054లో కనిపించిన పేలుడు శేషం క్రాబ్ నీహారికకు హవాయీలోని సీఎఫ్‌హెచ్‌టీ టెలిస్కోపు మీద అమర్చిన సిటెల్ పరికరంతో ఇలాగే త్రిమితీయ పటం గీశారు. కాసియోపియా-ఎ శేషానికి 2009లో చంద్రా, స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపులతోపాటు భూమి మీది పరిశీలనలనూ కలిపి నమూనా కట్టారు. దాన్ని త్రీడీ ప్రింటరులో అచ్చు వేసి చేత్తో పట్టుకునేలా కూడా చేశారు.

ఈ నమూనాలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి మీ ఆసక్తి నీహారిక నిజమైన ఆకారం తెలుసుకోవడం మీదే ఉంటే, సొంతంగా తయారుచేసే ముందు వీటిని దించుకొని తిప్పి చూడండి. బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఇంట్లో త్రీడీ ప్రింటరు ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి పని లేదు. అయితే ఇందులో మీరు తీసిన ఫోటోకు చోటు తక్కువ. మన కెమెరాలు వేగాన్ని కొలవవు.

గయా ఇచ్చే దూరాలు

2013 డిసెంబరులో బయలుదేరి 2025 ఆరంభం వరకు పరిశీలనలు జరిపిన యూరప్ వ్యోమనౌక గయా, సూర్యుడి చుట్టూ తిరుగుతూ చూసినప్పుడు వంద కోట్లకు పైగా నక్షత్రాలు జరిగినట్టు కనిపించే మేరను, అంటే దూరం తేల్చే పారలాక్స్‌ను కొలిచింది. ఆ జాబితా అందరికీ ఉచితం. మీ ఫోటోలోని నక్షత్రాలను గయా జాబితాతో పోల్చి, ఒక్కొక్కదాన్నీ దాని దూరం ప్రకారం ముందుకో వెనక్కో జరపవచ్చు. త్రీడీ ఖగోళ చిత్రాల్లో సామాన్యులకు అందే అసలైన కొలత ఇదొక్కటే. దీన్ని వదులుకోవద్దని గట్టిగా చెబుతాను.

కానీ దీని హద్దు కూడా తెలుసుకోవాలి. ప్రకాశవంతమైన నక్షత్రాలకు గయా పారలాక్స్‌లో పొరపాటు సుమారు 0.02 నుంచి 0.03 మిల్లీ ఆర్క్ సెకన్లు. ఓరియన్ నీహారిక దూరంలో పారలాక్స్ 2.4 మిల్లీ ఆర్క్ సెకన్లు. అంటే దూరంలో ఒక శాతం అటూ ఇటూ, పది పదిహేను కాంతి సంవత్సరాల సందిగ్ధం. నీహారిక మొత్తం వెడల్పే సుమారు 24 కాంతి సంవత్సరాలు! అందుచేత ఏ నక్షత్రం నీహారికకు చాలా ముందుంది, ఏది చాలా వెనక ఉంది అన్నది గయా చెబుతుంది. నీహారిక లోపల ఏది ఎక్కడన్నది చెప్పదు. 5,700 కాంతి సంవత్సరాల దూరంలోని ఈగిల్ నీహారికకు వెళ్తే ఈ సందిగ్ధం రెండు వందల కాంతి సంవత్సరాలకు పెరుగుతుంది. నక్షత్రాలన్నీ గయా ప్రకారం పెట్టాం కనుక చిత్రం మొత్తం శాస్త్రీయమేనని ఎవరైనా రాస్తే, వాయువు లోతు ఎక్కడిదని అడగండి.

తర్కంతో తెచ్చే లోతు

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇదే. ఫిన్లాండుకు చెందిన జే.పీ. మెట్సావైనియో ఏళ్లుగా ఈ పద్ధతిలో త్రీడీ చిత్రాలు చేస్తున్నాడు. నక్షత్రాల దూరాలు తెలిసినంత మేరకు తీసుకుంటాడు. మిగిలిన లోతును నీహారిక తనంతట తాను ఇచ్చే ఆనవాళ్ల నుంచి రాబడతాడు.

ఆ ఆనవాళ్లేమిటో ఓరియన్ నీహారిక మీదే చూద్దాం. హైదరాబాదులో జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఇది దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఉత్తర యూరప్ వాళ్లకు దిగంతం దగ్గరి మసకలో దొరికే వస్తువు మనకు దాదాపు నడినెత్తికి చేరువగా ఉంటుంది. మొదటి ప్రయత్నానికి దీన్ని ఎంచుకోవడానికి అది ఒక కారణం. దీని గురించి తెలిసినంత మరే నీహారిక గురించీ తెలియకపోవడం ఇంకో కారణం.

నీహారిక నడిబొడ్డున ట్రెపీజియం అనే నక్షత్రాల గుంపు ఉంది. అందులో అతి వేడిదైన తీటా-1 ఓరియనిస్ సి వెదజల్లే అతినీలలోహిత కాంతే ఈ వాయువులో చాలా భాగాన్ని వెలిగిస్తోంది. ఆ నక్షత్రాల వెనక చల్లటి వాయువు, ధూళితో నిండిన పెద్ద మేఘం (అణుమేఘం) ఉంది. మనవైపు ఉన్న దాని ముఖాన్ని ఈ కాంతి తొలిచి లోతైన గుంత చేసింది. ఫోటోలో మెరిసేది ఆ గుంత వెనక గోడ. 1995లో వెన్, ఒడెల్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు నీహారిక వెలుగు కొలతల ఆధారంగా ఈ ఉపరితలం ఎత్తుపల్లాలను లెక్కగట్టారు. ట్రెపీజియానికి ఆగ్నేయంగా అడ్డంగా కనిపించే ప్రకాశవంతమైన పట్టీ దగ్గర గోడ మనవైపు లేస్తుంది. దాన్ని మనం అంచు వైపు నుంచి చూస్తున్నాం కనుకే అంత గట్టిగా వెలుగుతుంది. ట్రెపీజియం వైపు చొచ్చుకొచ్చిన నల్లటి ముక్క, గుంతకు ముందు మనకూ దానికీ మధ్య అడ్డుపడిన ధూళి. కాబట్టి లోతు వరస ఇలా ఉంటుంది: అన్నిటికంటే ముందు నల్ల ధూళి, తరువాత ట్రెపీజియం, ఆ తరువాత వెలిగే గోడ, వెనక చీకటి మేఘం.

ఇలాంటి ఆనవాళ్లు ఇతర నీహారికల్లోనూ పనికొస్తాయి. వెలుతురుకు ఎదురుగా నల్లగా కనిపించే ధూళి ఏదైనా ఆ వెలుతురుకు ముందే ఉండాలి. గుర్రపుతల నీహారిక ఇందుకు అచ్చమైన ఉదాహరణ. ధూళి స్తంభాల కొనలు తమను తొలుస్తున్న నక్షత్రాల వైపు చూస్తుంటాయి. స్తంభం మన వైపు ఒరిగిందా అవతలికి ఒరిగిందా అన్నది దాని కొన మీది వెలుగును బట్టి ఊహించవచ్చు. వెనక చుక్కలు పలచబడిన చోట మధ్యలో ధూళి ఉందన్నమాట.

అయినా తర్కం ఒక్కోసారి చాలదు. ఈగిల్ నీహారికలోని సుప్రసిద్ధ స్తంభాలు చూపుకు ఒకే గుంపు. 2015లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు మీది మ్యూజ్ పరికరంతో కొలిస్తే, అవి విడివిడి ముక్కలనీ ఎన్‌జీసీ 6611 నక్షత్ర సమూహానికి కొన్ని ఇటువైపు, కొన్ని అటువైపు ఉన్నాయనీ తేలింది. 2024లో హబుల్, వెబ్ చిత్రాలతో విడుదలైన స్తంభాల త్రీడీ వీడియోకు ఆధారం ఈ పరిశోధనే. రింగ్ నీహారిక కూడా అంతే. గుండ్రటి బుడగ అనుకొని లోతు ఇస్తే తప్పు. ఉంగరాన్ని చీల్చుకుంటూ మనవైపూ అవతలికీ సాగిన పొడవాటి భాగం ఉందని, మనం దాన్ని దాదాపు కొన వైపు నుంచి చూస్తున్నామని 2013లో హబుల్ పరిశీలనలు చూపించాయి. కాబట్టి మీరు ఎంచుకున్న నీహారిక మీద జరిగిన పరిశోధన గురించి ఒక గంట చదవండి. బ్రష్షు పట్టుకునే ముందు గడిపే ఆ గంట, తరువాత పది గంటల పనికి విలువ తెస్తుంది.

వెలుతురే దగ్గర అనుకునే పద్ధతి, ఏఐ పద్ధతి

చాలా ట్యుటోరియల్స్ నేర్పేది ఇది: నక్షత్రాలు తీసేసిన ఫోటోను నలుపు తెలుపు చేసి, కాస్త మసకబార్చి, దాన్నే లోతు పటంగా వాడడం. తెల్లగా ఉన్నది ముందుకు, నల్లగా ఉన్నది వెనక్కి. పది నిమిషాల పని. ఫలితం చూడడానికి బాగానే ఉంటుంది, అదే దీనితో వచ్చిన చిక్కు. పైన చెప్పిన ఓరియన్ వరస గుర్తు తెచ్చుకోండి. ఈ పద్ధతిలో గుంత అడుగున ఉండాల్సిన మెరిసే గోడ బొడిపెలా ముందుకు పొంగుతుంది. అన్నిటికంటే ముందుండాల్సిన నల్ల ధూళి వెనక గొయ్యిలో పడుతుంది. నీహారిక లోపలి భాగం బయటికి తిరిగిపోతుంది. వెయిల్ నీహారికలోనైతే సన్నని పోగులు వెలగడానికి కారణం దగ్గరగా ఉండడం కాదు, పలచని వాయు పొరలను మనం అంచు నుంచి చూడడం. అక్కడ వెలుతురుకూ దూరానికీ సంబంధమే లేదు.

ఒక్క ఫోటో ఇస్తే లోతు పటం ఇచ్చే మిడాస్, డెప్త్ ఎనీథింగ్ లాంటి ఏఐ నమూనాలు గదులు, వీధులు, మనుషులు, చెట్లు ఉన్న చిత్రాల నుంచి లోతు నేర్చుకున్నవి. వాటిని నేను నీహారికలకు సిఫారసు చేయను. మీకు నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష పెట్టండి. ఒకే నీహారిక ఫోటోను ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా ఇచ్చి, వచ్చిన రెండో పటాన్ని తిరిగి తిప్పి మొదటిదాని పక్కన పెట్టండి. ఆకాశంలో పైనా కిందా లేవు. రెండు పటాలూ ఒకటి కాకపోతే, ఆ లోతు ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థమవుతుంది.

తయారీ: మూడు దారులు

ఏ దారిలో వెళ్లినా మొదటి మెట్టు ఒకటే: నక్షత్రాలను నీహారిక నుంచి వేరు చేయాలి. స్టార్‌నెట్ ఉచితం, ఉచిత సాఫ్ట్‌వేర్ సిరిల్ లోపలి నుంచే దాన్ని నడపవచ్చు. స్టార్ ఎక్స్‌టెర్మినేటర్ డబ్బు పెట్టి కొనాలి. నక్షత్రాలు ఉండగానే లోతు ఇస్తే అవి కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతాయి, పైగా నీహారిక ఉపరితలానికి అతికించినట్టు ఉంటాయి. ఒక్క జాగ్రత్త: నక్షత్రం తీసేసిన చోట ప్రోగ్రాము తన ఊహతో వాయువును పూరిస్తుంది. ట్రెపీజియం చుట్టూ అది మరీ ఎక్కువ. అక్కడ కొన్ని సెకన్ల చిన్న ఎక్స్‌పోజర్లు విడిగా తీసి కలిపితే నడిబొడ్డు తెల్లగా మాడిపోకుండా నిలుస్తుంది, పూరించే పనీ తగ్గుతుంది.

మొదటి దారి, డిస్‌ప్లేస్ ఫిల్టర్. ఫోటోషాప్‌లోనూ గింప్‌లోనూ ఉంది. లోతు పటంలో నడిమి బూడిద రంగు, అంటే 128 విలువ ఉన్న చోటు కదలదు. అంతకంటే తెల్లనిది ఒక పక్కకు, నల్లనిది ఇంకో పక్కకు జరుగుతుంది. అడ్డంగా మాత్రమే జరపాలి, నిలువు విలువ సున్నా ఉండాలి. ఎంత జరపాలన్న దగ్గరే చాలామంది అత్యాశకు పోతారు. అన్నిటికంటే ముందున్న బిందువుకూ అన్నిటికంటే వెనకున్న బిందువుకూ మధ్య తేడా, చిత్రం వెడల్పులో మూడు శాతం దాటితే కళ్లు నొప్పి పుడతాయి. 2,000 పిక్సెళ్ల వెడల్పు చిత్రానికి 60 పిక్సెళ్లు. ఆ తేడాను ఎడమ చిత్రానికి సగం, కుడి చిత్రానికి వ్యతిరేక దిశలో సగం పంచితే ఒక్కో చిత్రంలో ఏ బిందువూ 15 పిక్సెళ్లకు మించి కదలదు. ఫోటోషాప్‌లో స్కేలు 100 పెడితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు కదులుతుంది కనుక, ఒకదానికి 12, రెండోదానికి మైనస్ 12 పెట్టుకోండి. లోతు పటాన్ని కొద్దిగా మసకబార్చకపోతే నల్ల ధూళి అంచుల్లో వాయువు చిరిగినట్టు కనిపిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఈ దారే నా సలహా.

రెండోది పొరల పద్ధతి. ముందు ధూళి, నక్షత్రాలు, వెలిగే గోడ, వెనక చుక్కలు అన్నీ విడివిడి పొరలుగా కోసి ఒక్కో పొరను ఒక్కో మేర జరపడం. నక్షత్రాలకు ఇదే సరైన పద్ధతి, ఎందుకంటే అవి ఆకారం చెడకుండా జరుగుతాయి. వాయువుకు ఇదొక్కటే వాడితే నాటకంలో ఒకదాని వెనక ఒకటి కట్టిన తెరల్లా ఉంటుంది. కాబట్టి నీహారికకు డిస్‌ప్లేస్, నక్షత్రాలకు పొరలు కలిపి వాడండి.

మూడోది బ్లెండర్‌లో నమూనా కట్టి, కెమెరాను దాని చుట్టూ నడిపించడం. హబుల్, స్పిట్జర్ చిత్రాలతో 2018లో వచ్చిన ఓరియన్ వీడియో లాంటిది చేయాలనుకునేవాళ్లకు ఇదే దారి. 8-బిట్ లోతు పటం ఇక్కడ మెట్లు మెట్లుగా విరుగుతుంది, 16-బిట్ వాడాలి. ఒకే ఉపరితలాన్ని ఎత్తుపల్లాలు చేస్తే సరిపోదు, నీహారిక పారదర్శకం కనుక వెలుగు చిమ్మే పలచని పొరలు ఎన్నో పేర్చుకోవాలి. నెలల తరబడి ఓపిక ఉంటేనే దిగండి. ఒక్క నిశ్చల చిత్రం కోసం ఇంత దూరం వెళ్లనవసరం లేదు.

చూడడం: ఇక్కడ ఎంపిక తప్పితే అంత కష్టమూ వృథా

ఎరుపు, నీలి అద్దాలు (వీటితో చూసే బొమ్మనే అనాగ్లిఫ్ అంటారు) చౌక, ఎక్కడైనా దొరుకుతాయి, ఫోనులోనూ ప్రొజెక్టరు మీదా కాగితం మీదా పనిచేస్తాయి. బడి పిల్లలు యాభై మందికి ఒకేసారి చూపించాలంటే ఇంతకు మించిన సాధనం లేదు. కానీ నీహారికల విషయంలో వీటితో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. నీహారికల్లోని హైడ్రోజన్ చిమ్మే హైడ్రోజన్ ఆల్ఫా వెలుగు 656.3 నానోమీటర్ల దగ్గర, నిఖార్సైన ఎరుపు. మీ నీహారిక సహజ రంగులో ఎర్రగా ఉంటే ఎడమ కంటి ఎరుపు అద్దం లోంచి అది ధగధగలాడుతుంది, కుడి కంటి నీలి ఆకుపచ్చ అద్దం లోంచి దాదాపు నల్లగా కనిపిస్తుంది. రెండు కళ్లకూ ఒకే దృశ్యం అందక మెదడు తికమకపడుతుంది. బొమ్మ మిణుకుమంటూ తలనొప్పి తెస్తుంది. ఎక్కువ ఖగోళ అనాగ్లిఫ్‌లు విఫలమయ్యేది ఇందుకే. ఉపాయం తేలికే: రంగు వదిలేసి నలుపు తెలుపులో చేయండి. నగరంలో హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరుతో మోనో కెమెరా వాడేవాళ్ల దగ్గర ఇప్పటికే ఉన్నది నలుపు తెలుపు చిత్రమే. వాళ్లకు అనాగ్లిఫ్ అతికినట్టు సరిపోతుంది. రంగు తప్పనిసరి అయితే, ఉచితంగా దొరికే స్టీరియోఫోటో మేకర్‌లో రంగులను అద్దాలకు తగినట్టు సర్దే డుబోవా పద్ధతిని ఎంచుకోండి.

రంగు పోకుండా చూడాలంటే జంట చిత్రాలే దిక్కు. ఇవి రెండు రకాలు. సమాంతరంగా చూసే జంటలో ఎడమ కంటి చిత్రం ఎడమవైపే ఉంటుంది. కళ్లు దూరంగా చూస్తున్నట్టు వదులుగా ఉంచాలి. ఇందులో ఒక్కో చిత్రం వెడల్పు కళ్ల మధ్య ఎడాన్ని, అంటే ఆరు సెంటీమీటర్లను మించకూడదు. ఫోనులో చక్కగా కుదురుతుంది, పెద్ద తెర మీద కుదరదు. రెండోది కళ్లు అడ్డం తిప్పి చూసే జంట. ఇందులో చిత్రాల స్థానాలు తారుమారు: ఎడమ కంటి చిత్రం కుడివైపు, కుడి కంటిది ఎడమవైపు ఉంటాయి. పరిమాణానికి హద్దు లేదు, కంప్యూటర్ తెర నిండా చూడవచ్చు. అభ్యాసం కుదిరితే నీహారికకు ఇంత స్పష్టమైన దర్శనం మరే పద్ధతిలోనూ దొరకదు. అయితే కళ్లకు శ్రమ ఎక్కువ. కొన్ని నిమిషాలకోసారి దూరంగా చూడాలి.

ఇక్కడ నీహారికలకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. సమాంతర జంటను అడ్డంగా చూస్తే లోతు తిరగబడుతుంది. మనిషి ముఖమైతే ముక్కు లోపలికి పోగానే తప్పు తెలిసిపోతుంది. నీహారిక అసలు ఆకారం మనం ఎన్నడూ చూడలేదు కనుక తిరగబడిన లోతు కూడా అందంగానే తోస్తుంది, చూసేవాళ్లు అదే నిజమనుకుంటారు. అందుకే ప్రతి చిత్రంలో ఒక సాక్షి నక్షత్రాన్ని ఉంచండి: గయా ప్రకారం నీహారికకు ఎంతో ముందున్న ఒక ప్రకాశవంతమైన చుక్క. "ఫలానా మూలనున్న చుక్క అన్నిటికంటే ముందు కనిపించాలి" అని చిత్రం కింద రాయండి. అది వెనక కనిపిస్తే చూసే తీరు మార్చుకోవాలని వాళ్లకే తెలుస్తుంది.

కళ్లతో కుస్తీ పట్టలేనివాళ్లకు కటకాల వ్యూయర్ ఉంది. 1861 నాటి హోమ్స్ చేతి స్టీరియోస్కోపు ఏ సూత్రం మీద పనిచేసిందో ఇప్పటి అట్టపెట్టె వ్యూయర్లూ అదే సూత్రం మీద పనిచేస్తాయి. ఫోను అందులో పెట్టి సమాంతర జంటను చూడడమే. ఖర్చుకూ ఫలితానికీ పొత్తు చూస్తే ఇదే ముందుంటుందని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా అలవాటు లేకుండానే లోతు అందుతుంది. ఫోనుకు ఓలెడ్ తెర ఉంటే మరీ మంచిది. ఆకాశపు నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది.

వీఆర్ హెడ్‌సెట్ ఇప్పటికే ఉంటే జంట చిత్రాన్ని అందులో పెద్దగా చూడండి, అనుభూతి గొప్పగానే ఉంటుంది. నీహారికల కోసమే కొనాలా అంటే వద్దంటాను. చాలా హెడ్‌సెట్లలో ఎల్‌సీడీ తెరలే కనుక నలుపు బూడిద రంగుగా కనిపించి, గంటల తరబడి కూడబెట్టిన పలచని వాయువు అందులో కలిసిపోతుంది. త్రీడీ టీవీలను పెద్ద కంపెనీలు 2017 నాటికే ఆపేశాయి. పాతది ఇంట్లో ఉంటే మాత్రం పారేయకండి, దాని మీద నీహారిక బాగుంటుంది.

ఇక ఊగే యానిమేషన్. దీన్ని తేలిగ్గా తీసిపారేస్తుంటారు. చిన్నప్పటి మెల్లకన్ను వల్లనో, ఒక కంటి చూపు తగ్గడం వల్లనో రెండు కళ్లతో లోతు అందనివాళ్లు మన మధ్య ఉన్నారు. వాళ్లకు పైన చెప్పిన ఏ పద్ధతీ పనికిరాదు. కదలికలోని లోతు మాత్రం ఒక్క కంటికీ అందుతుంది. రెండే ఫ్రేములతో టపటపా కొట్టుకునేలా కాకుండా, ఎడమకూ కుడికీ మధ్య పది ఫ్రేములు తయారుచేసి నెమ్మదిగా ఊగేలా చేయండి. డిస్‌ప్లేస్ విలువను మైనస్ 12 నుంచి 12 దాకా అంచెలంచెలుగా మార్చితే ఆ ఫ్రేములు వచ్చేస్తాయి. వాట్సాప్‌లో పంపడానికీ ఇదే సులువు.

ఎవరికి ఏది

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ఓరియన్ నీహారికను తీసుకొని, పైన చెప్పిన నాలుగు అంచెల వరసతో లోతు పటాన్ని చేత్తో గీసి, డిస్‌ప్లేస్‌తో సమాంతర జంట చేసి, అట్టపెట్టె వ్యూయర్‌లో చూడండి. బడిలోనో ఖగోళ క్లబ్బులోనో చూపించేవాళ్లు అదే జంట నుంచి నలుపు తెలుపు అనాగ్లిఫ్ తీయండి. హబుల్ రంగుల్లో, బంగారు వన్నె, నీలం కలిసిన చిత్రాలు చేసేవాళ్లు అనాగ్లిఫ్ జోలికి పోకుండా అడ్డంగా చూసే పెద్ద జంటను ఎంచుకోండి. నీహారిక శాస్త్రమే ముఖ్యమైనవాళ్లు క్రాబ్, కాసియోపియా-ఎ కొలిచిన నమూనాల దగ్గరే మొదలుపెట్టండి. రోసెట్, నార్త్ అమెరికా లాంటి విశాలమైన నీహారికలను రెండో విడతకు ఉంచుకోండి, వాటిలో ధూళి వరస తేల్చడం ఓరియన్ కంటే చాలా కష్టం.

ఏది చేసినా చిత్రం కింద రెండు మాటలు రాయడం మరవద్దు. జంటను ఎలా చూడాలన్నది ఒకటి. "నక్షత్రాల దూరాలు గయావి, వాయువు లోతు నా అంచనా" అన్నది రెండోది. లోతు పటాన్నీ నక్షత్రాల పొరలనూ విడి ఫైళ్లుగా దాచుకోండి. గయా నాలుగో విడత సమాచారం 2026 డిసెంబరులో విడుదల కావలసి ఉంది. అది వచ్చాక పొరలను కొత్త దూరాలకు జరిపితే చాలు, చిత్రాన్ని మొదటి నుంచి చేయనక్కరలేదు.